తాళం తప్పిన ఇంజను

స్పార్కు ఎందుకు తప్పుతుంది? ఆ తప్పును పట్టుకోవడం ఎలా?

చక్కగా నడుస్తున్న పెట్రోలు ఇంజను శబ్దాన్ని ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? మద్దెల మీద సమంగా పడే దెబ్బల్లాగా అది లయ తప్పకుండా సాగిపోతుంది. కాని ఏదో ఒక బండి మాత్రం మధ్య మధ్య ఒక దెబ్బ మింగేసినట్లు, కుదుపులతో పోతూ ఉంటుంది. మన మెకానిక్కులు ఈ జబ్బుకు ‘మిస్సింగ్’ అని పేరు పెట్టారు. ‘ఇంజను మిస్సవుతోంది’ అంటారు. ఇంజనీర్లు వాడే మాట మిస్‌ఫైర్. అనగా, సిలిండరులో మండవలసిన పెట్రోలు-గాలి మిశ్రమం ఆ విడత మండకుండానే బయటికి పోయిందన్న మాట.

పోతే పోయింది, ఒక్క దెబ్బే గదా అనుకోకండి. మండని పెట్రోలు ఆవిరి పొగగొట్టంలోకి వెళ్తుంది. ఇప్పటి కార్లలో ఆ దారిలో విషవాయువులను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టర్ అనే పెట్టె ఉంటుంది. మండని పెట్రోలు వచ్చి అందులో మండితే, ఆ వేడికి లోపలి పింగాణీ తేనెపట్టు కరిగిపోవచ్చు. గాలి కలుషితం కావడం మరొక నష్టం. వేగంగా పోయే కారు, ముందున్న వాహనాన్ని దాటబోయే సమయంలో హఠాత్తుగా బలం కోల్పోతే ప్రాణాలకే ముప్పు.

ఈ వ్యాసంలో మామూలు కారును కాక, పందేల కోసం శక్తి పెంచిన ఒక కారును తీసుకుందాం. దానికి కారణం ఉంది. తయారుచేసిన ఇంజనీర్లు కారులోని భాగాలన్నింటినీ ఒకదానికొకటి సరిపోయేట్లు అమరుస్తారు. శక్తి పెంచాలని ఒక భాగాన్ని మార్చగానే, మనం ముట్టుకోని మరో భాగం మీద భారం పడుతుంది. ఆ భారం ఎక్కడ, ఎంత పడిందో లెక్క కట్టడానికి మీరు తరగతిలో చదువుకునే భౌతికశాస్త్రం చాలు.

ఒక్క సెకనులో రెండువందల స్పార్కులు

పెట్రోలు ఇంజను పని నాలుగు అంగల్లో జరుగుతుందని మీకు తెలుసు. పిస్టన్ కిందికి దిగుతూ మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. పైకి వస్తూ దాన్ని నొక్కుతుంది. ఆ చివర స్పార్కు ప్లగ్గు నిప్పు పెడుతుంది. మండిన వాయువులు పిస్టన్‌ను కిందికి తోస్తాయి. మళ్ళీ పైకి వస్తూ పిస్టన్ పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు అంగలకూ క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. అంటే ప్రతి సిలిండరుకూ రెండు చుట్లకు ఒక స్పార్కు కావాలి.

ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. సెకనుకు 100 చుట్లు. ఒక్కొక్క సిలిండరుకు సెకనుకు 50 స్పార్కులు. నాలుగు సిలిండర్లకు 200 స్పార్కులు! ఇందులో ఒక్కటి తప్పినా ఇరుసుకు అందవలసిన తోపు ఒకటి తగ్గుతుంది. వరుసగా తప్పుతుంటే డ్రైవరుకు కుదుపుగా తెలుస్తుంది.

మిశ్రమం మండాలంటే మూడు కావాలి: తగిన పాళ్ళలో పెట్రోలు, బాగా నొక్కిన గాలి, సరైన క్షణంలో తగినంత బలమైన స్పార్కు. మిస్సింగ్‌కు కారణం ఈ మూడింటిలోనే ఎక్కడో ఉండి తీరాలి. ముందుగా స్పార్కు సంగతి చూద్దాం.

12 వోల్టుల నుంచి 30,000 వోల్టులకు

బ్యాటరీ ఇచ్చేది సుమారు 12 వోల్టులు. ఇంజను నడుస్తూ ఉన్నప్పుడు ఆల్టర్నేటరు దయవల్ల అది 14 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు కొనల మధ్య ఖాళీని దాటి మెరుపు మెరవాలంటే వేల వోల్టులు కావాలి. ఈ తేడాను పూడ్చేది ఇగ్నిషన్ కాయిల్.

దీని వెనుక ఉన్న సూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. తీగచుట్టను చుట్టుకొని ఉన్న అయస్కాంత క్షేత్రం మారితే ఆ తీగలో విద్యుత్తు పుడుతుంది. క్షేత్రం ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ వోల్టేజి. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు 1910 ప్రాంతంలో ఈ సూత్రంతో కారుకు పనికివచ్చే బ్యాటరీ ఇగ్నిషన్‌ను రూపొందించాడు.

కాయిల్‌లో రెండు చుట్టలు ఉంటాయి. లావు తీగతో కొద్ది చుట్లున్న మొదటి చుట్టలోకి బ్యాటరీ నుంచి విద్యుత్తు ప్రవహించి, ఇనుప గర్భంలో అయస్కాంత క్షేత్రాన్ని నింపుతుంది. సరిగ్గా స్పార్కు కావలసిన క్షణంలో ఆ ప్రవాహాన్ని టక్కున తెంచేస్తారు. క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. మొదటి చుట్టలోనే 300, 400 వోల్టులు పుడతాయి. సన్నని తీగతో నూరు రెట్లు ఎక్కువ చుట్లున్న రెండో చుట్టలో అది 30,000, 40,000 వోల్టుల దాకా పోగలదు.

వెనుకటి కార్లలో ఈ తెంచే పని ‘పాయింట్లు’ చేసేవి. ఇప్పుడు ట్రాన్సిస్టరు చేస్తుంది. ఎప్పుడు తెంచాలో కంప్యూటరు చెబుతుంది.

మీ పాఠశాల ప్రయోగశాలలో విద్యుత్ గంట ఉంటే గమనించండి. అది మోగుతున్నప్పుడు స్క్రూ కొన దగ్గర చిన్న నిప్పురవ్వలు కనిపిస్తాయి. అవి పుట్టేది ప్రధానంగా వలయం తెగేటప్పుడు. అదే ఇగ్నిషన్ కాయిల్‌కు చిట్టితమ్ముడు.

కాయిల్‌కు కూడా జమాఖర్చులు ఉన్నాయి

కాయిల్ నింపుకునే శక్తికి లెక్క ఉంది. ప్రవాహాన్ని అదే ప్రవాహంతో గుణించి, దాన్ని కాయిల్ ప్రేరకత్వంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. ఉదాహరణకు ప్రేరకత్వం 3 మిల్లీహెన్రీలు, ప్రవాహం 7 ఆంపియర్లు అనుకుందాం. 7 × 7 = 49. 49 × 0.003 = 0.147. అందులో సగం 0.0735 జౌళ్ళు, అంటే 73.5 మిల్లీజౌళ్ళు.

ఆ 7 ఆంపియర్లు ఒక్కసారిగా రావు. కుండలో నీరు నిండినట్లు క్రమంగా పెరుగుతాయి. తీగ నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, 14 వోల్టుల దగ్గర అందుకు 1.5 మిల్లీసెకన్లు పడుతుంది. నిరోధంతో కలిపి మరికొంచెం ఎక్కువ. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. నింపే సమయం చాలకపోతే శక్తి తగ్గుతుంది. సమయం అంతే ఉండి వోల్టేజి తగ్గినా శక్తి తగ్గుతుంది. పైగా ప్రవాహం సగమైతే శక్తి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది!

పాతకాలపు నాలుగు సిలిండర్ల కారులో అన్ని ప్లగ్గులకూ ఒకే కాయిల్. సెకనుకు 200 స్పార్కులంటే స్పార్కుకు, స్పార్కుకు మధ్య 5 మిల్లీసెకన్లే. స్పార్కు వెలిగే సమయం పోగా నింపుకోవడానికి మిగిలేది ఇంకా తక్కువ. ఎనిమిది సిలిండర్లయితే ఆ వ్యవధి 2.5 మిల్లీసెకన్లకు పడిపోతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిల్ ఉంటుంది. ఒక్కొక్క దానికి 20 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. ఇది జమ సంగతి. ఇక ఖర్చు చూద్దాం.

స్పార్కుకు ఎంత వోల్టేజి కావాలి?

కాయిల్ ప్రతిసారీ తన పూర్తి వోల్టేజి ఇస్తుందనుకుంటే పొరపాటు. వోల్టేజి పెరుగుతూ పెరుగుతూ, ప్లగ్గు కొనల మధ్య వాయువు తెగి దారి ఇచ్చే మట్టానికి రాగానే స్పార్కు పడిపోతుంది. అక్కడితో పెరుగుదల ఆగుతుంది. మిగిలిన శక్తి ఆ స్పార్కును కాసేపు వెలిగించి ఉంచుతుంది. కాబట్టి అడిగేది ప్లగ్గు, ఇచ్చేది కాయిల్. అడిగినది ఇవ్వగలిగినంత కంటే తక్కువగా ఉన్నన్నాళ్ళూ ఇంజను హాయిగా నడుస్తుంది. అడిగినది మించిందా, మిస్సింగ్!

మరి ప్లగ్గు ఎంత అడుగుతుంది? 1889లో ఫ్రెడరిక్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని ప్రయోగాలతో తేల్చాడు. కావలసిన వోల్టేజి విడిగా ఖాళీ మీద కాని, విడిగా పీడనం మీద కాని ఆధారపడదు. ఆ రెంటి లబ్ధం మీద ఆధారపడుతుంది. ఇంజనులో ఉండే పరిస్థితుల్లో ఈ లబ్ధం పెరిగేకొద్దీ వోల్టేజి కూడా దాదాపు అదే తీరులో పెరుగుతుంది. ఖచ్చితంగా చెప్పాలంటే పీడనం కంటే వాయువు సాంద్రత ముఖ్యం. వాయువు దట్టంగా ఉంటే ఎలక్ట్రాన్లు కొద్ది దూరం పోకముందే అణువులకు ఢీకొంటాయి. మరో అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేంత వేగం వాటికి రావాలంటే బలమైన విద్యుత్ క్షేత్రం కావాలి.

బయట మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఖాళీని దాటడానికి సుమారు 3,000 నుంచి 4,500 వోల్టులు చాలు. సిలిండరులో నొక్కిన మిశ్రమం ఎన్నో రెట్లు దట్టంగా ఉంటుంది కనుక అదే ప్లగ్గు అక్కడ 10,000, 20,000 వోల్టులు అడుగుతుంది.

దీని నుంచి ఒక పాఠం నేర్చుకోవాలి. ప్లగ్గును విప్పి, బయట ఇంజను ఒంటికి ఆనించి స్పార్కు చూసి ‘కరెంటు బాగానే వస్తోంది’ అనడం పూర్వం నుంచీ ఉన్న అలవాటు. బయట 4,000 వోల్టులకే స్పార్కు పడుతుంది. సిలిండరు లోపల 25,000 వోల్టులు కావలసినప్పుడు ఆ కాయిల్ ఇస్తుందో లేదో ఈ పరీక్ష చెప్పదు. ఖాళీ బండిని లాగిన ఎద్దు నిండు బస్తాల బండిని కూడా లాగుతుందని ఎలా చెప్పగలం?

గాలిని కుక్కి పెడితే

ఇంజను శక్తి పెంచాలంటే ఎక్కువ పెట్రోలు మండాలి. అందుకు ఎక్కువ గాలి కావాలి. బయటికి పోయే పొగ ఊపుతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది మరో చక్రంతో గాలిని సిలిండర్లలోకి కుక్కే యంత్రం టర్బోఛార్జరు. దీనికి 1905లోనే స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి పేటెంటు పొందాడు.

టర్బో ఉన్న కారులో పీడనాన్ని ఇంకాస్త పెంచడం శక్తి పెంచే మార్గాల్లో ఒకటి. గాలి ఎక్కువ, దానికి తగ్గ పెట్రోలు ఎక్కువ, శక్తి ఎక్కువ. కాని పాషెన్‌ను మరచిపోతే ఎలా? సిలిండరులో సాంద్రత పెరిగింది. ప్లగ్గు కొనల మధ్య ఖాళీ మారలేదు. కనుక లబ్ధం పెరిగింది. కాయిల్‌ను ఎవరూ ముట్టుకోలేదు, కాని దాని ఖర్చు పెరిగింది!

ఒక రోగి, ఐదు పరీక్షలు

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను. ప్రతి ప్లగ్గుకూ ఒక కాయిల్. సిలిండర్లకు పోయే గాలి పీడనం మొదట వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్లు. పందెపు బాట కోసం దాన్ని రెండు రెట్లకు పెంచారు. బ్యాటరీని కూడా బరువు సర్దుబాటు కోసం వెనుక డిక్కీలోకి మార్చారు. అప్పటి నుంచి జబ్బు మొదలైంది. ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజను బుద్ధిగా ఉంటుంది. మెల్లగా పోతే ఏ తప్పూ లేదు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే మాత్రం 4,500 చుట్ల దగ్గర కుదుపులు మొదలవుతాయి. 6,500 దాటితే కొంత సర్దుకుంటుంది.

తొందరపాటు మనిషి ఏం చేస్తాడు? నాలుగు కాయిళ్ళు, నాలుగు ప్లగ్గులు, పెట్రోలు పంపు అన్నీ కొత్తవి వేస్తాడు. జబ్బు పోతే ఏది కారణమో తెలియదు. పోకపోతే డబ్బూ పోయింది, జబ్బూ మిగిలింది. మనం అలా చేయవద్దు. ఒకసారికి ఒక్క మార్పే చేద్దాం.

మొదటి పరీక్ష: లక్షణాలు చదవడం. కుదుపులు 4,500 చుట్ల దగ్గరే ఎందుకు ఎక్కువ? ఈ ఇంజనులో సిలిండర్లు ఊపిరి నిండా పీల్చుకునేది అక్కడే. టార్క్ గరిష్ఠంగా ఉండేదీ అక్కడే. అనగా సాంద్రత అత్యధికం, ప్లగ్గు అడిగే వోల్టేజి అత్యధికం. కాయిల్ నిండే సమయం చాలకపోవడమే కారణమైతే, వేగం పెరిగేకొద్దీ జబ్బు పెరగాలి. ఇక్కడ 6,500 దాటితే తగ్గుతోంది. కనుక ఆ అనుమానం వెనక్కి పోయింది. నిర్ధారణకు గాలి పీడనాన్ని పాత స్థాయికి దించి చూశారు. జబ్బు మాయమైంది. భారానికీ, జబ్బుకూ సంబంధం ఉందని తేలింది.

రెండవ పరీక్ష: కంప్యూటరును అడగడం. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నింటిలో మిస్సింగ్‌ను కంప్యూటరే కనిపెట్టాలనే నిబంధన ఉంది. అదెలా కనిపెడుతుంది? క్రాంకు ఇరుసుకు పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. చాలా కార్లలో 60 పళ్ళకు చోటుంచి, రెంటిని వదిలేస్తారు. ఆ వెలితి చూసి ఇరుసు ఎక్కడున్నదో కంప్యూటరు గుర్తుపడుతుంది. ఇంజను 3,000 చుట్లతో తిరుగుతుంటే అర చుట్టుకు 10 మిల్లీసెకన్లు పడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి అర చుట్టుకూ ఒక సిలిండరు తోపు ఇస్తుంది. ఏ సిలిండరు వంతు వచ్చినప్పుడు ఆ అర చుట్టు కొంచెం ఆలస్యమైందో, ఆ సిలిండరు మండలేదన్న మాట! పి 0301 అంటే ఒకటో సిలిండరు, పి 0303 అంటే మూడోది. పి 0300 అంటే ఒక్కదానికే పరిమితం కాని మిస్సింగ్. మన కారులో మూడో సిలిండరు ఎక్కువగా, మిగిలినవి అప్పుడప్పుడూ తప్పుతున్నాయని తేలింది.

మూడవ పరీక్ష: స్థానాలు మార్చడం. ఇది ఖర్చు లేని చక్కని ఉపాయం. మూడో సిలిండరు కాయిల్‌ను ఒకటో దానికి, ఒకటో దాన్ని మూడో దానికి మార్చారు. జబ్బు కాయిల్‌తో పాటు ఒకటో సిలిండరుకు పోతే దోషం కాయిల్‌ది. కాని జబ్బు మూడో సిలిండరులోనే ఉంది. కాయిల్ నిర్దోషి. తరువాత మూడో ప్లగ్గును రెండో దానితో మార్చారు. ఈసారి జబ్బు రెండో సిలిండరుకు వెళ్ళింది! దొంగ దొరికాడు. ఇంజను నొక్కుడు పీడనాన్ని కూడా కొలిచి చూస్తే నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా ఉంది. కనుక కవాటాలు, పిస్టన్ రింగుల మీద అనుమానం లేదు.

నాలుగవ పరీక్ష: ఖాళీ కొలవడం. ఫీలర్ గేజితో కొలిస్తే మూడు ప్లగ్గుల ఖాళీ 0.9 మిల్లీమీటర్లు, తప్పుచేస్తున్న ప్లగ్గుది 1.1 మిల్లీమీటర్లు. అందుకే అది అందరికంటే ముందు తప్పుకుంది. మిగిలినవి కూడా అంచు మీద ఉన్నాయి. ఇప్పుడు లెక్క కడదాం. పాత పీడనం 1.5, ఖాళీ 0.9, లబ్ధం 1.35. ఈ లబ్ధంతో కారు బాగా నడిచింది. కొత్త పీడనం 2. అదే లబ్ధం రావాలంటే ఖాళీ ఎంతుండాలి? 1.35ను 2తో భాగిస్తే 0.675. కనుక కొత్త ప్లగ్గులు తెచ్చి ఖాళీని 0.65 మిల్లీమీటర్లకు సరిచేశారు. ఇది ఉరామరి లెక్కే అయినా దారి చూపించే లెక్క.

అయితే ఖాళీని ఇంకా ఇంకా తగ్గిస్తూ పోవచ్చు గదా? పోకూడదు. ఖాళీ మరీ సన్నగా ఉంటే పుట్టిన చిన్న మంట చుట్టూ ఉన్న లోహపు కొనలకు వేడి కోల్పోయి, పెరగకముందే ఆరిపోతుంది. అప్పుడు ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజను మిస్సవడం మొదలవుతుంది. ఒక రోగాన్ని పోగొట్టి మరో రోగాన్ని తెచ్చుకున్నట్లవుతుంది.

ఐదవ పరీక్ష: వోల్టేజి దారిలో ఎక్కడ పోతోంది? ఖాళీ సరిచేశాక జబ్బు చాలావరకు పోయింది. కాని హెడ్‌లైట్లు, చల్లబరిచే ఫ్యాను వేసి పూర్తి బలంతో పోతే ఎప్పుడో ఒక కుదుపు వస్తూనే ఉంది. మంచి వైద్యుడు ‘చాలావరకు’తో తృప్తిపడడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలిస్తే 14. కాయిల్ తీగల దగ్గర కొలిస్తే 12! మిగిలిన 2 వోల్టులు ఏమయ్యాయి? మల్టీమీటరు ఒక కొనను ఇంజను ఒంటికి, రెండో కొనను బ్యాటరీ ఋణధ్రువానికి తాకించారు. మంచి ఎర్తింగ్ అయితే ఇక్కడ దాదాపు సున్న రావాలి. దాదాపు 2 వచ్చింది. బ్యాటరీని డిక్కీలోకి మార్చినప్పుడు ఎర్తు తీగను రంగు గీకకుండానే బాడీ రేకుకు బిగించారు. రంగు విద్యుత్తును సరిగా పోనీయదు.

ఆ 2 వోల్టుల నష్టం చిన్నదేం కాదు. 14 వోల్టులకు 7 ఆంపియర్లు వచ్చే చోట, అదే సమయంలో 12 వోల్టులకు 6 ఆంపియర్లే వస్తాయి. శక్తి 73.5 నుంచి 54 మిల్లీజౌళ్ళకు పడిపోతుంది. నాలుగో వంతు పైగా పోయింది! తక్కువ వోల్టేజికి తగ్గట్టు నింపే సమయాన్ని పెంచడం కంప్యూటరుకు తెలుసు. కాని అది తన దగ్గరున్న వోల్టేజినే చూసుకుంటుంది. కాయిల్ దాకా పోయే దారిలో జరిగే నష్టం దానికి కనపడదు. రేకు రంగు గీకి, తీగను గట్టిగా బిగించారు. కుదుపులు పూర్తిగా ఆగిపోయాయి.

ఇప్పుడు మొత్తం చూడండి. పీడనం పెంచడం వల్ల ఖర్చు పెరిగింది. చెడ్డ ఎర్తు వల్ల జమ తగ్గింది. ఈ రెండూ కలిసినందువల్లనే జబ్బు అంత ముదిరింది.

సగం నిజం చెప్పే సాక్షి

ఈ పరిశోధనలో మనల్ని దారి తప్పించే సాక్షి ఒకడున్నాడు. వాడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు. మిస్సింగ్ ఉన్నప్పుడు అది ‘మిశ్రమంలో పెట్రోలు తక్కువైంది’ అని చూపిస్తుంది. అది విని పెట్రోలు పెంచారనుకోండి. జబ్బు ఇంకా ముదరవచ్చు.

ఎందుకు? ఆ సెన్సరు కొలిచేది ఆక్సిజన్‌ను, పెట్రోలును కాదు. మిశ్రమం మండకపోతే అందులోని ఆక్సిజన్ ఖర్చు కాకుండా పొగగొట్టంలోకి వస్తుంది. దానితో పాటే మండని పెట్రోలు కూడా వస్తుంది. సెన్సరుకు కనిపించేది మిగిలిపోయిన ఆక్సిజన్. ‘ఆక్సిజన్ మిగిలింది, కనుక పెట్రోలు చాలలేదు’ అనే తీర్పు మిశ్రమం మండినప్పుడే చెల్లుతుంది. అసలు మండనే లేదే! పెట్రోలు పెంచితే ప్లగ్గు తడిసి, మసిబారి, విద్యుత్తు ఆ మసి గుండా జారిపోతుంది. పరికరం అబద్ధం చెప్పదు. కాని అది దేన్ని కొలుస్తోందో మనం తెలుసుకోవాలి.

ఏ లక్షణానికి ఏ అనుమానం?

1. ఒకే సిలిండరు ఎప్పుడూ మిస్సయితే: ఆ సిలిండరు ప్లగ్గు, కాయిల్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు, నొక్కుడు పీడనం.

2. అన్ని సిలిండర్లూ మిస్సయితే: అందరికీ ఉమ్మడిగా ఉన్నవి. పెట్రోలు పీడనం, బ్యాటరీ వోల్టేజి, ఎర్తింగ్.

3. పూర్తి భారంలో, టార్క్ గరిష్ఠంగా ఉన్న చోట మిస్సయితే: ప్లగ్గు ఖాళీ, బలహీనపడిన కాయిల్.

4. భారంతో నిమిత్తం లేకుండా ఒక వేగం దాటగానే మిస్సయితే: కాయిల్ నిండే సమయం, అలసిన కవాటపు స్ప్రింగులు, క్రాంకు ఇరుసు సెన్సరు.

5. ఖాళీగా తిరిగేటప్పుడే మిస్సయి, వేగంలో సర్దుకుంటే: మరీ సన్నని ఖాళీ, మసిబారిన ప్లగ్గు, ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోయే సందు.

6. వానలో, లేదా బండి కడిగిన తరువాత మిస్సయితే: ప్లగ్గు మీది రబ్బరు టోపీలో పగులు. విద్యుత్తు ప్లగ్గు ఖాళీని దాటడం కంటే తడి ఉపరితలం మీదుగా పోవడం సులభమనుకుంటుంది. అలా పోయిన చోట పింగాణీ మీద సన్నని నల్లగీత కనిపిస్తుంది.

హెచ్చరిక

నడుస్తున్న ఇంజనులో కాయిళ్ళను, ప్లగ్గు తీగలను తాకకండి. 30,000 వోల్టుల దెబ్బ ప్రమాదకరం. పెట్రోలు ఆవిరి ఉన్న చోట స్పార్కు పరీక్షలు అసలే వద్దు. ఆపేసి, చల్లారిన స్కూటరు ప్లగ్గును మెకానిక్కు విప్పి చూపిస్తే, దాని ఖాళీని ఫీలర్ గేజితో కొలిచి చూడండి. అంతవరకు చాలు.

మరొక మాట. ఇటువంటి మార్పులు పందెపు బాటలకే గాని రోడ్లకు కాదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని స్పష్టం చేసింది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన విద్యుత్ కార్ల పందెం జరిగింది. వాటికి ప్లగ్గులూ లేవు, స్పార్కులూ లేవు. రేపు మీరు బాగుచేయబోయే యంత్రాల్లో కూడా బహుశా ఉండకపోవచ్చు. అయినా లక్షణాలను శ్రద్ధగా గమనించడం, ఒకసారికి ఒకటే మార్చడం, కొలిచి నమ్మడం, ప్రతి పరికరం ఏం చెబుతోందో ఆలోచించడం ఏ యంత్రానికైనా పనికివస్తాయి.

ఆలోచించండి

1. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు ఎన్ని స్పార్కులు కావాలి?

2. పీడనం 1.6 రెట్లు, ఖాళీ 0.8 మిల్లీమీటర్లతో ఒక ఇంజను బాగా నడుస్తోంది. పీడనాన్ని 2 రెట్లకు పెంచితే ఖాళీ ఎంత ఉండాలి?

3. కాయిల్ ప్రవాహం 8 ఆంపియర్ల నుంచి 6 ఆంపియర్లకు తగ్గితే శక్తి ఎన్నో వంతుకు తగ్గుతుంది?

4. కాయిల్‌ను, ప్లగ్గును ఒకేసారి స్థానాలు మార్చి పరీక్షిస్తే ఏం నష్టం?

జవాబులు: 1. 250. 2. 0.64 మిల్లీమీటర్లు. 3. పదహారింట తొమ్మిదో వంతుకు. 4. జబ్బు మరో సిలిండరుకు మారినా, దాన్ని తీసుకుపోయింది కాయిలో ప్లగ్గో చెప్పలేము.